గ్రీకు శిల్పాల్లో దేవతలను గుర్తుపడదాం – 5వ పాఠం: ఆర్టెమిస్

పోయిన పాఠంలో అపోలోను పట్టుకున్నాం. ఈసారి ఆయన కవల సోదరి ఆర్టెమిస్. జ్యూస్, లేటోల కూతురు. వేటకు, అడవి జంతువులకు, ప్రసవాలకు కూడా ఆమే దేవత. రోమన్లకు డయానా.

శంఖచక్రాలు కనబడగానే విష్ణువని చెప్పేసే అలవాటు మనకుంది. ఇక్కడ ఆ తొందర వద్దు. ఈ పాఠంలో మీకు పట్టుబడాల్సింది ఒకటే: ఒక్క గుర్తుతో పేరు పెట్టేయకండి, దాన్ని బలపరిచే రెండో గుర్తు కోసం వెతకండి.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ‘వెర్సాయ్ డయానా’ ఫొటో ముందు పెట్టుకోండి. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు కంచు విగ్రహానికి రోమన్ల కాలంలో చెక్కిన పాలరాతి నకలు ఇది. కింది నుంచి పైకి చూడండి. కాళ్లకు చెప్పులున్నాయి, అడుగు వడిగా పడుతోంది. బట్ట మోకాళ్ల పైదాకానే ఉంది. పైవస్త్రాన్ని నడుముకు బిగించి చుట్టుకుంది, పరుగుకు అడ్డం రాకుండా. వీపున అంబులపొది. బాణం తీయడానికి కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి వెళ్లింది. పక్కన జింక. ఇన్ని గుర్తులు ఒకేచోట దొరికితే ఇక సందేహం అక్కర్లేదు. నాకు ఈ శిల్పంలో బాగా నచ్చేది తల తిప్పిన తీరు. ఏదో చప్పుడు విని, నడక ఆపకుండానే అటు చూస్తున్నట్టు ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఈ విగ్రహానికి 1602లో మరమ్మతులు జరిగాయి. పాత పాలరాతి బొమ్మల్లో ముందు విరిగేవి చేతులు, ముక్కు. తర్వాతి శిల్పులు తమకు తోచినట్టు వాటిని అతికించేవారు. అందుకే చేతిలోని వస్తువును చివరి సాక్ష్యంగానే తీసుకోండి. బట్ట, నిలబడ్డ తీరు, అంబులపొది పట్టీ, వీటిని ఎక్కువ నమ్మవచ్చు.

పొట్టి బట్ట చూసి పొరబడే వీలు ఎక్కువగా ఉన్నది అమెజాన్ యోధురాళ్ల దగ్గర. వాళ్లకూ అదే వేషం. అయితే ప్రసిద్ధమైన గాయపడ్డ అమెజాన్ విగ్రహాల్లో ఛాతీ ఒకవైపైనా బయటికి కనిపిస్తుంది. గొడ్డలి, నెలవంక ఆకారపు డాలు ఉంటే అమెజానే అనుకోండి.

ఇక పొడుగు బట్టల ఆర్టెమిస్. పాత శిల్పాల్లో ఆమె ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ మ్యూజియంలో, అక్కడి పురాతన ఆలయం పార్థినాన్ తూర్పు వైపు శిల్పాల వరుస ఉంది. అందులో అపోలో పక్కన కూర్చుని, భుజం మీద జారుతున్న బట్టను సర్దుకుంటోంది. వేట సరంజామా ఏదీ కనిపించదు. పక్కన ఎవరున్నారన్నదే ఇక్కడ ఆధారం.

ఇప్పుడు చంద్రుడి సంగతికి వద్దాం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తొలినాళ్ల గ్రీకుల్లో చంద్రుడికి వేరే దేవత ఉంది, పేరు సెలీనీ. పార్థినాన్ తూర్పు ముఖభాగంలో ఒక మూల సూర్యుడి రథం పైకి లేస్తుంటే, రెండో మూల సెలీనీ రథం దిగిపోతుంది. ఆమె గుర్రం తల ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రాత్రంతా రథం లాగి అలసిపోయి నోరు తెరిచింది, కళ్లు ఉబ్బాయి. ఆ ఒక్క తలను ఎంతసేపు చూసినా తక్కువే. ఆర్టెమిస్‌ను చంద్రుడితో కలపడం తర్వాత మెల్లగా జరిగింది. రోమన్ల డయానా దగ్గరికి వచ్చేసరికి నెలవంక మామూలైపోయింది. కాబట్టి తలపై నెలవంక ఉంటే ముందు కాలం చూడండి. రథమో గుర్రాలో ఉంటే సెలీనీ. మూడు శరీరాలు వీపులు ఆనించుకుని, చేతుల్లో కాగడాలుంటే హెకటీ అనే మంత్రవిద్యల దేవత. నెలవంకతో పాటు విల్లో అంబులపొదో ఉంటే డయానా.

ఎఫెసస్ అనే ప్రాచీన నగరపు ఆర్టెమిస్ ఈ లెక్కలకు లొంగదు. తుర్కియేలోని సెల్చుక్ మ్యూజియంలో ఉన్న పాలరాతి విగ్రహాలు 1956 తవ్వకాల్లో దొరికాయి. విల్లు లేదు, పరుగు లేదు. స్తంభంలా బిగిసి నిలబడి ఉంటుంది. కింది భాగమంతా వరుసలు వరుసలుగా జంతువులు. ఛాతీ మీద గుడ్ల లాంటి గుండ్రటి ఆకారాలు వేలాడుతుంటాయి. అవి స్తనాలని కొందరు, ఎద్దుల వృషణాలని కొందరు, నగలని ఇంకొందరు అంటారు. వివాదం తేలలేదు. మీకు గుర్తుపట్టడానికి మాత్రం ఆ వరుసలు చాలు.

అభ్యాసం

కింది రెండింటి ఫొటోలు నెట్‌లో వెతికి, వివరణ చదవకముందే ఒక్కోదానికి రెండేసి గుర్తులు నోట్‌బుక్‌లో రాయండి.

మొదటిది బోస్టన్ మ్యూజియంలోని మట్టిపాత్ర, ‘పాన్ చిత్రకారుడు’ అని పిలిచే ప్రాచీన గ్రీకు చిత్రకారుడు బొమ్మలు వేసినది, సుమారు క్రీ.పూ. 470 నాటిది. ఆక్టియాన్ అనే వేటగాడి మీద కుక్కలు పడుతుంటే దేవత బాణం ఎక్కుపెట్టింది. ఆమె బట్ట పొట్టిదా, పొడుగుదా చూడండి.

రెండోది కుషాణ రాజు కనిష్కుడి తొలి నాణెం. గ్రీకు అక్షరాల్లో సెలీనీ పేరే ఉంటుంది. కానీ భుజాల వెనక నెలవంకతో నిలబడ్డది పురుషుడు. పేరును నమ్మాలా, బొమ్మను నమ్మాలా? మీ జవాబు, దానికి కారణం రాసి ఉంచండి. వచ్చే పాఠం హెకటీ గురించి. దాన్ని ఈ నాణెంతోనే మొదలుపెడతాం.