కాలిన ట్యాంకు మిర్చి బజ్జీలా కనిపిస్తోందా?

మొన్న సికింద్రాబాద్ నుంచి ఒక కుర్రాడు ఫోటో పంపాడు. "అన్నా, పదిహేను రోజులు కూర్చుని చేశా. చివరికి మిర్చి బజ్జీలా వచ్చింది. ఎక్కడ తప్పు చేశా?" 1/35 స్కేల్ ప్యాటన్ ట్యాంకు మోడల్ అది, అంటే అసలు బండిలో ముప్పై అయిదో వంతు. నిజంగా బజ్జీయే. గొట్టం కొస నుంచి సైలెన్సర్ దాకా ఒకటే నారింజ రంగు.

"బండి పోయి ఎన్ని రోజులైందనుకుని చేశావు?" అని అడిగా. "అదేం లెక్క?" అన్నాడు.

అదే లెక్క. దెబ్బతిన్న, కాలిన, తుప్పుపట్టిన బండ్ల మోడళ్లతో వచ్చే తిప్పలు సగం ఇక్కడే మొదలవుతాయి. మిగతా సగంలో ఎక్కువ పాలు మన ఊరి ఎండది, వానది, కూలర్‌ది. కింద రాసినవన్నీ నేను చేసిన తప్పులు, పక్కవాళ్లు చేస్తుంటే చూసినవి. మీ బాధ ఏ శీర్షిక కింద ఉంటే అక్కడికే వెళ్లండి.

బండంతా ఒకటే నారింజ రంగు

కారణం: తుప్పు అంటే సీసాలో దొరికే ఒక రంగు అనుకోవడం. తుప్పుకు వయసు ఉంటుంది. మంటల్లో పెయింట్ కాలిపోయి ఉక్కు బయటపడ్డాక ఒకట్రెండు రాత్రులు మంచు పడితే చాలు, లేత నారింజ తుప్పు పొడిలా లేస్తుంది. నెలలు గడిస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఏళ్లు గడిస్తే నలుపు కలిసిన చాక్లెట్ రంగు. అంటే కొత్తగా కాలిన బండే ఎక్కువ నారింజగా ఉంటుంది. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు.

ఇక పెయింట్ నిలిచి ఉన్నచోట ఉక్కుకు తుప్పు అంత త్వరగా రాదు. అసల్ ఉత్తర్ సంగతే చూడండి. 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర జరిగిన ట్యాంకుల పోరు అది. మన వైపు పోరాడిన డెక్కన్ హార్స్ దళం మూలాలు నిజాం అశ్వదళంలో ఉన్నాయి, అందుకేనేమో ఇక్కడ మోడల్ చేసేవాళ్లకు ప్యాటన్ అంటే మోజు ఎక్కువ. పొలాలకు నీళ్లు వదలడంతో పాకిస్తాన్ ప్యాటన్లు చాలా బురదలో దిగబడ్డాయి. కొన్ని కాలిపోయాయి, కొన్నింటిని లోపలివాళ్లు వదిలేసి పోయారు. వదిలేసిన బండికి వారంలో పట్టేది బురదే, తుప్పు కాదు. దానికి తుప్పు పూస్తే ఎంత బాగా పూసినా అబద్ధమే.

పరిష్కారం: రంగు మూత తీయకముందు కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. "ఇంజిన్ వైపు మంట అంటుకుంది, మూడు రోజులైంది." ఇక రంగులు ఆ వాక్యమే చెబుతుంది. ఇంజిన్ పైన వేడికి మసి కూడా కాలిపోయి తెల్లటి బూడిద రంగు, దాని చుట్టూ లేత నారింజ. ఆ అంచున పొక్కులు లేచి మాడిన పెయింట్, నల్లటి మసి. ముందు భాగంలో మామూలు పచ్చ రంగు, దుమ్ము.

ఇప్పటికే బజ్జీ అయిపోయినదాన్ని గీకి పారేయక్కర్లేదు. కాలలేదనుకున్న భాగాల మీద అసలు పచ్చ రంగును చిన్న స్పాంజి ముక్కతో అద్దుకుంటూ వెనక్కి తీసుకురండి. మిగిలిన నారింజ మీద బర్న్ట్ అంబర్ ఆయిల్ కలర్ పలచగా పూసి, అక్కడక్కడా తుడిచేయండి. అది మెరుస్తోందంటే అందులోని అవిసె నూనె వల్ల. ట్యూబ్ నుంచి తీసి గంటసేపు అట్టముక్క మీద ఉంచితే నూనెను అట్ట పీల్చుకుంటుంది, రంగు మెరుపు లేకుండా ఆరుతుంది.

నమూనా కోసం నెట్‌లో వెతికేకంటే ఆటోనగర్ వెళ్లి రండి. ఒకే పాత లారీ మీద మూడు రకాలు కనిపిస్తాయి: సైలెన్సర్ రేకు ఎర్రగా పొరలు పొరలుగా లేచి, ఛాసిస్ మందపాటి ఉక్కు ముదురు గోధుమగా, డ్రైవర్ కాలు పెట్టే మెట్టు మాత్రం అరిగి మెరుస్తూ. ఫోటో తీసేముందు అక్కడివాళ్లను అడగండి. నన్ను ఒకసారి ఇన్సూరెన్స్ మనిషి అనుకుని, చాయ్ తాగించి మరీ ఆరా తీశారు.

తుప్పు పట్టకూడనిచోట తుప్పు

సైనికులను మోసే ఎం113 లాంటి కవచపు బండి ఒళ్లంతా అల్యూమినియం. దానికి ఎర్ర తుప్పు రాదు. కాలితే కరిగి కుంగుతుంది, బూడిద రంగుకు వస్తుంది. తుప్పు దాని ట్రాక్‌లకు, ఉక్కు భాగాలకు మాత్రమే. మీ బండి దేంతో చేశారో ముందు తెలుసుకోండి. పూసేశారా, లేత బూడిద రంగు పైన కొట్టేయండి, అంతకంటే దారి లేదు. అలాగే పెయింట్ పెచ్చులూడిన ప్రతిచోటా వెండి రంగు పెట్టొద్దు. ఉక్కు మెరిసేది రోజూ రాపిడి తగిలేచోట, అంటే ట్రాక్ పళ్ల దగ్గర, మెట్ల అంచున. మిగతాచోట పెచ్చు అడుగున ముదురు గోధుమే.

గుండు దెబ్బ, ఎలుక కొరికిన కన్నంలా ఉంది

కారణం రెండు రకాలు. మొదటిది కొలత. డ్రిల్ చేతికి దొరికిందని 5 మిల్లీమీటర్ల కన్నం వేస్తారు. 35తో గుణిస్తే 175 మిల్లీమీటర్లు! మనవాళ్ల షెర్మన్ ట్యాంకు 76 మిల్లీమీటర్ల గుండు కవచాన్ని చీల్చుకుని పోతే మోడల్ మీద కన్నం దాదాపు 2.2 మిల్లీమీటర్లు. జీపు మీది 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ సంగతి వేరు. అసల్ ఉత్తర్‌లో అబ్దుల్ హమీద్ వాడింది అదే, ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ట్యాంకుల మీదికి అది వేసే గుండు తన బరువుతో గుద్ది పొడవదు. పేలి, లోహపు ధారతో ఉక్కును తొలుస్తుంది. అందుకే కన్నం గుండు కంటే చాలా చిన్నది, చుట్టూ మాత్రం పెయింట్ చెదిరి, మసి నక్షత్రంలా చిమ్మి ఉంటుంది. ఇక 7.62 మిల్లీమీటర్ల తూటా కవచాన్ని దాటదు. 0.2 మిల్లీమీటర్ల పెయింట్ చుక్క రాలిందని చూపిస్తే చాలు.

రెండోది మందం. 80 మిల్లీమీటర్ల ఉక్కు పలక 1/35లో 2.3 మిల్లీమీటర్లు. కిట్ ప్లాస్టిక్ సాధారణంగా ఒక మిల్లీమీటరు పైచిలుకు. కన్నంలోంచి చూసేవాడికి ట్యాంకు బిస్కెట్ డబ్బా రేకులా కనిపిస్తుంది.

పరిష్కారం: పెద్ద కన్నాన్ని ఎం-సీల్‌తో పూడ్చండి. గట్టిపడ్డాక గరుకు కాగితంతో నున్నగా చేసి, లోపలివైపు ప్లాస్టిక్ షీట్ ముక్కలు అతికించి మందం పెంచండి. అప్పుడు సరైన సైజు డ్రిల్‌తో చేత్తో తిప్పుతూ తొలవండి. స్ప్రూను, అంటే కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని, దీపం మీద వేడిచేసి సాగదీస్తే దారంలా వస్తుంది. దాన్ని కన్నం చుట్టూ పెట్టి, ప్లాస్టిక్ జిగురు తగిలించి, మెత్తబడ్డాక బ్లేడు మొనతో అక్కడక్కడా నొక్కండి. ఉక్కు కరిగి బయటికి పొంగిన అంచు వస్తుంది. కవచాన్ని కాగితంలా చింపొద్దు, అలా చిరిగేది పలచటి రేకే.

మడ్‌గార్డు వంగదు, పుటుక్కున విరుగుతుంది

ప్లాస్టిక్ అంతే మరి. ఆ ముక్క కోసేసి కూల్‌డ్రింక్ డబ్బా రేకు పెట్టండి. దాని మందం 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లో, అంటే అసలు బండిలో మూడున్నర మిల్లీమీటర్ల రేకు. పెన్సిల్ మీద పెట్టి వంచితే నిజం మడ్‌గార్డులాగే నలుగుతుంది. ప్లాస్టిక్ జిగురు లోహానికి పట్టదు, ఫెవిక్విక్ వాడండి. ప్రైమర్ వేయకుండా రంగేస్తే గోరు తగిలినా ఊడిపోతుంది.

హెయిర్‌స్ప్రే పెచ్చులు రావట్లేదు, లేదా అట్టకట్టి మొత్తం ఊడొస్తున్నాయి

పద్ధతి తెలియనివాళ్లకు: అడుగున తుప్పు రంగు, దానిమీద వార్నిష్, ఆపైన హెయిర్‌స్ప్రే, చివర పచ్చ రంగు అక్రిలిక్. నీళ్లతో తడిపి బ్రష్‌తో రుద్దితే హెయిర్‌స్ప్రే కరిగి పైరంగు పెచ్చులుగా లేస్తుంది.

పెచ్చులు రాకపోతే ఎక్కువసార్లు కారణం థిన్నరే. అక్రిలిక్‌ను లాకర్ థిన్నర్‌తో పలచన చేస్తే అది అడుగు పొరను గట్టిగా పట్టేస్తుంది. నీళ్లతో గానీ, ఆ రంగు కంపెనీ అక్రిలిక్ థిన్నర్‌తో గానీ కలపండి. రెండో కారణం ఆలస్యం: రాత్రి రంగేసి, మర్నాడు ఆఫీసుకు పోయి, సాయంత్రం రుద్దుతారు. మే నెలలో మన గదిలో వేడికి అప్పటికి అది బండబారిపోతుంది. రంగేసిన గంటలోపే మొదలుపెట్టండి. ఇప్పటికే బిగుసుకుపోయినదాన్ని గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలు తడిపి, పాత టూత్‌బ్రష్‌తో ఓపిగ్గా ప్రయత్నించండి. రాకపోతే వదిలేసి, సన్న బ్రష్‌తో పెచ్చులు గీయండి. అదేం నామర్దా కాదు.

అట్టకట్టి ఊడితే హెయిర్‌స్ప్రే ఎక్కువైందన్నమాట. రెండు పలచటి పొరలు చాలు. తుప్పు రంగు కూడా కలిసి ఊడితే మధ్యలో వార్నిష్ వేయలేదు, లేదా ఆరనివ్వలేదు.

మ్యాట్ వార్నిష్ వేయగానే పాలు పోసినట్టు తెల్లబడింది

జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఇది ఇంటింటి కథ. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఆ చోటును చల్లబరుస్తుంది. గాల్లోని తేమ అక్కడ నీరై వార్నిష్‌లో ఇరుక్కుంటుంది. ముసురు పట్టిన రోజు లాకర్ వార్నిష్ జోలికి పోకండి.

నాకు మాత్రం ఇది మే నెల మధ్యాహ్నం జరిగింది. బయట నిప్పులు చెరుగుతున్నాయి, గాలి పొడిగా ఉంది, తేమ ఎక్కడిదో అర్థం కాలేదు. రెండు మోడళ్లు పాడయ్యాక చూస్తే నా వీపు వెనకే కూలర్ నిండుగా నీళ్లతో తిరుగుతోంది. ఎండాకాలంలోనే వానాకాలం తయారుచేసుకున్నానన్నమాట. కూలర్ కట్టేసి, కిటికీ తీసి, మాస్కు పెట్టుకుని, తెల్లవారి ఆరింటికి స్ప్రే చేయడం అప్పటినుంచి అలవాటైంది. ఆ వేళ అక్రిలిక్‌కూ మంచిదే. మధ్యాహ్నం వేడికి అది గాల్లోనే ఆరి, మోడల్ మీద ఇసుకలా పడుతుంది.

తెల్లబడినదాన్ని కాపాడాలంటే పొడిగా ఉన్న రోజు అదే వార్నిష్ థిన్నర్‌ను, వీలైతే నెమ్మదిగా ఆరే రకాన్ని, దూరం నుంచి పలచగా కొట్టండి. వార్నిష్ మళ్లీ కాస్త మెత్తబడి ఇరుక్కున్న తేమ పోతుంది. లోపల అక్రిలిక్ పెచ్చులుంటే ముందు ఒక మూల చూడండి.

పొడి రంగులు గులకరాళ్లలా ఉన్నాయి, లేదా ఫిక్సర్ పోయగానే మాయమయ్యాయి

పిగ్మెంట్ (దుమ్ము, తుప్పు కోసం అద్దే పొడి రంగు) సీసాల ధర చూసి బేగంబజార్ నుంచి ముగ్గు రంగులు తెచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ని. ముగ్గు రంగు గరుకుగా ఉంటుంది. 0.1 మిల్లీమీటర్ల రేణువు 1/35లో 3.5 మిల్లీమీటర్ల రాయి. దానికన్నా జాజు మేలు. గడపలకు, ముగ్గుల పక్కన పూసే ఎర్ర జాజుకు ఆ రంగు వచ్చేది ఐరన్ ఆక్సైడ్ వల్లే, తుప్పూ ఐరన్ ఆక్సైడే. కల్వంలో మెత్తగా నూరి, పాత నూలు చీర గుడ్డతో జల్లించండి. ఇంట్లో అడిగి మరీ.

ఫిక్సర్, అంటే పొడిని మోడల్‌కు పట్టించే ద్రవం, తగలగానే పొడి ముదురై, సగం కనిపించకుండా పోతుంది. అందుకే కొంచెం లేత రంగు ఎంచుకోండి. ఫిక్సర్‌ను పైన పూయకుండా పక్కన చుక్క పెట్టి దానంతట అదే పాకనివ్వండి. ఆరాక చిటికెడు పొడి మళ్లీ అద్దండి.

దుమ్ము రంగు దగ్గర ఒక మాట. మన ఎర్రమట్టి చేతికి అందుతుంది కదా అని 1971లో పోరు జరిగిన లోంగేవాలా ట్యాంకుకు పూయొద్దు. అది థార్ ఎడారి, పాలిపోయిన పసుపు ఇసుక. ఖేమ్‌కరణ్‌ది బూడిద కలిసిన గోధుమ ఒండ్రు.

వాష్ వేసిన మర్నాడు చక్రాల ఇరుసు విరిగిపోయింది

వాష్ అంటే మూలల్లో నీడలు తేవడానికి బాగా పలచన చేసి పూసే రంగు. ఎనామెల్ వాష్‌లోని థిన్నర్ ఎక్కువై మూలల్లో నిలిస్తే, బిగువు మీదున్న ప్లాస్టిక్‌ను చిట్లిస్తుంది. హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ ఇంకా కోపిష్టిది. ముందు వార్నిష్ వేయండి, వాష్‌ను కొంచెం కొంచెంగా వాడండి, అడుగున నిలిచిన చుక్కను టిష్యూతో తీసేయండి. విరిగిన ఇరుసుకు సన్నటి తీగ దూర్చి అతికించండి.

రంగు కుదిరింది, అయినా బండి బతికే ఉన్నట్టుంది

పది రోజుల తర్వాత ఆ కుర్రాడు రెండో ఫోటో పంపాడు. ఇంజిన్ వైపు మంట, మూడో రోజు. రంగు బ్రహ్మాండం. "ఇంకా ఏదో తేడా కొడుతోంది అన్నా" అన్నాడు. తేడా కాళ్ల దగ్గర ఉంది. బండి పరేడ్ గ్రౌండ్స్‌లో నిలబడ్డట్టు నిటారుగా ఉంది.

ప్యాటన్ బరువు మోసేది టోర్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. గట్టిగా కాలితే వాటి పదును పోతుంది, బండి ఆ వైపు కూలబడుతుంది. చక్రాల చుట్టూ ఉన్న రబ్బరు కాలి బూడిదవుతుంది, చక్రం చిన్నదవుతుంది, ట్రాక్ వదులై వేలాడుతుంది. అతను కిట్ కాగితంలో ఉన్నట్టే చక్రాలు బిగించాడు.

వెనక నాలుగు చక్రాలు పీకి, వాటిని బండికి కలిపే చేతులను నిలిపే బొడిపెలు కోసి, చేతులను పైకి తిప్పి అతికించమన్నాను. ఆ చక్రాల రబ్బరు భాగాన్ని గరుకు కాగితంతో ఇనుప అంచు దాకా అరగదీయాలి. చక్రం కింద నేలమీద తెల్ల బూడిద. ట్రాక్ వదులు రావాలంటే రెండు లింకులు అదనంగా కావాలి. అవి కిట్‌లో మిగిలినవి ఉంటాయి, పారేయకపోతే. అతను పారేశాడు. నా డబ్బాలోంచి పంపాను.