కిడ్నీ స్కాన్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గడ్డలో కొవ్వు ఉందా?

పోయిన పాఠంలో సీటీ అంకెలు, అంటే స్కాన్‌లో ఏది ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలతలు చూశాం కదా, నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దరిదాపు. ఈరోజు వాటితోనే పని. కందుకూరు, కావలి నుంచి నెల్లూరొచ్చి స్కాన్ తీయించుకుని, రిపోర్టులో ‘రీనల్ మాస్’ (కిడ్నీలో గడ్డ) అని కనబడగానే ఇంటిల్లిపాదీ అన్నం మానేసి కూర్చుంటున్నారు. అంత టెన్షన్ ఇప్పుడే వద్దు. 4 సెంటీమీటర్ల లోపు గడ్డలు ఆపరేషన్ చేసి తీశాక చూస్తే దాదాపు ఐదింటిలో ఒకటి క్యాన్సర్ కానిదే ఉంటుంది.

ముందు ప్లెయిన్ సీటీ గురించి, అంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు తీసినదాని గురించి రాసిన లైను పట్టుకోండి. గడ్డలో మైనస్ 30, మైనస్ 50 లాంటి అంకె ఉంటే కొవ్వు ఉన్నట్టే, చాలావరకు అది యాంజియోమయోలైపోమా, అంటే రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డ. క్యాన్సర్ కాదు, కానీ 4 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఉన్నట్టుండి నడుం పక్కన నొప్పొచ్చి కళ్లు తిరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కొవ్వుతోపాటు కాల్సిఫికేషన్ (సున్నం పేరుకోవడం) కూడా రాసుంటే మాత్రం క్యాన్సర్ కాదని తొందరపడి అనుకోవద్దు, అరుదుగా క్యాన్సర్లోనూ ఈ రెండూ కలిసి కనిపిస్తాయి.

కొవ్వు లేకపోతేనే అసలు చిక్కు. ఈ లైను చూడండి: ‘ఎడమ కిడ్నీ, 2.8 సెం.మీ., ప్లెయిన్లో 34, కాంట్రాస్ట్ తర్వాత 110, మధ్యలో స్కార్.’ తేడా 76. 20 దాటితే గడ్డలోకి రక్తం పారుతోందని లెక్క, కాబట్టి ఇది వట్టి నీటితిత్తి కాదు. స్కార్, అంటే నడుమ మచ్చలాంటిది ఉంది కాబట్టి క్యాన్సర్ కాని ఆంకోసైటోమా అనే గడ్డ అనేసి ఊరుకుందామా? కుదరదు. ఆంకోసైటోమా ప్రాణం తీసే గడ్డ కాదుగానీ, క్రోమోఫోబ్ రకం క్యాన్సర్లోనూ అదే స్కార్ కనబడుతుంది, స్కాన్ చూసి ఈ రెంటినీ నమ్మకంగా విడదీయలేం. కొవ్వు తక్కువున్న యాంజియోమయోలైపోమా కూడా ఇలాగే మోసం చేస్తుంది. స్కార్ చూసి ధైర్యం చెప్పేవాళ్ల మాట నమ్మి ఫాలోఅప్ మానేయడం నాకు చాలా భయం కలిగించే విషయం.

ఇలాంటి రిపోర్టు చేతిలో ఉంటే యూరాలజిస్టుని రెండు మాటలు అడగండి: ‘సార్, ముందు బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తే మీ నిర్ణయం మారుతుందా? తీయాల్సే వస్తే కిడ్నీ మొత్తం కాకుండా గడ్డవరకే తీయొచ్చా?’

వచ్చే పాఠంలో ఇదే గడ్డ బయాప్సీ రిపోర్టు, అందులో సీకే7 అనే పరీక్ష, అంటే గడ్డ కణాల్లో ఆ పేరున్న ప్రోటీన్ ఉందో లేదో చూడడం.