చవక గిటార్‌లో శ్రుతి నిలవకపోతే

స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్) తరహా చవక గిటార్‌లో తీగను వేలితో పక్కకు లాగి బెండ్ చేయగానే శ్రుతి తప్పుతుంటే చాలామంది ముందు ట్యూనింగ్ కీలు మార్చేస్తారు. నేనది చివరికి పెట్టుకుంటాను. ఎక్కువసార్లు తప్పు నట్‌దే, అంటే మెడ పైచివర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీదే. కీ తిప్పుతుంటే టింగుమని చప్పుడొచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగిరిందంటే, తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టే. జి తీగ (సన్న తీగ వైపు నుంచి మూడోది) దగ్గర ఇది మరీ ఎక్కువ. తీగ వదులు చేసి, పక్కకు తప్పించి, గాడిలో 2బి పెన్సిల్ ముల్లు రుద్దాను, చప్పుడు పోయింది. పోకపోతే గాడి ఇరుకన్నమాట: 600 నంబరు శాండ్‌పేపర్ మడిచి పక్క గోడలకు మాత్రమే రాయండి. అడుగు అరిగితే వేలితో నొక్కని ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు (మెడపై అడ్డంగా ఉండే లోహపు గీతకు) తగిలి గరగరమంటుంది, ఇక నట్ మార్చాల్సిందే.

కొత్త తీగలైతే చేత్తో మెల్లగా పైకి లాగి సాగదీసి, మళ్లీ శ్రుతి చేయాలి. ట్రెమోలో (బ్రిడ్జిని కదిపి శ్రుతిని ఊపే మీట) వాడనివాళ్లు వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలనూ సమానంగా బిగించి బ్రిడ్జిని, అంటే బాడీ మీద తీగల కింది చివరలు ఆనే భాగాన్ని, బాడీకి ఆనించేస్తే సగం గొడవ వదులుతుంది.

కొనేటప్పుడే చూడాల్సింది మెడ. ఒకటో ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కిపడితే 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద సుమారు 0.25 మి.మీ. సందు కనిపించాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల దాని వంపును సరిచేసే లోహపు కడ్డీని) పావు చుట్టు చొప్పున బిగించి చూడొచ్చు. మెడ మెలిక తిరిగి ఉంటే మాత్రం ఎంత చవకకిచ్చినా వద్దు.