మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ పాఠాలు, 4వ భాగం: 1062 ఎర్రర్ రాగానే స్కిప్ కొట్టకండి

పోయిన పాఠంలో స్కిప్ కౌంటర్ (రెప్లికేషన్ ఆగినచోట అడ్డొచ్చినదాన్ని దాటేసి ముందుకు పొమ్మనే సెట్టింగ్) గురించి రెండు ముక్కలు రాసి వదిలేశాను, అలా వదలకుండా ఉండాల్సింది. మీలో చాలామంది 1062 రాగానే కౌంటర్ 1 పెట్టి రెప్లికాను (సోర్సు అనే అసలు సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్‌ను) స్టార్ట్ చేశారు, మార్పులు తెచ్చే ఐఓ థ్రెడ్, వాటిని రాసే ఎస్‌క్యూఎల్ థ్రెడ్ రెండూ ఎస్ అన్నాయి, హమ్మయ్య అనుకున్నారు, తర్వాత 1032 ఎర్రర్ వచ్చి మళ్లీ ఆగింది. ఈసారి వేరే సంగతి చెప్పాలనుకున్నాను కానీ ముందు ఇది తేలాలి.

సర్వర్ ఐడీలు, పోర్టు, యూజర్ పర్మిషన్లు మీరు చూసుకునే ఉంటారు. ఐఓ థ్రెడ్ ఎస్, ఎస్‌క్యూఎల్ థ్రెడ్ నో అంటే సోర్సు నుంచి డేటా వస్తోంది, రెప్లికాలో రాసేచోట ఆగింది. 1062 అంటే చేర్చబోయిన రో ముందే ఉంది, 1032 అంటే మార్చాల్సిన లేదా తీసేయాల్సిన రో లేదు.

కౌంటర్ 1 పెడితే ఒక్క రో మాత్రమే వదిలేస్తుందనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే స్టోరేజ్ ఇంజన్) టేబుళ్లలో అది మొత్తం ట్రాన్సాక్షన్‌నే, అంటే ఒకే మూటగా జరిగిన మార్పులన్నిటినీ, వదిలేస్తుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్ 501, దాని మూడు ఐటమ్‌లు చేరాయి, స్టాకు తగ్గింది అనుకోండి. ఎవరో టెస్టు కోసం రెప్లికాలోనే 501 రాసి మర్చిపోయారు. స్కిప్ కొడితే ఆ టెస్టు 501 అలాగే ఉండిపోతుంది, ఐటమ్‌లు రావు, స్టాకు రో సోర్సులో మళ్లీ మారేదాకా పాత లెక్కే చూపిస్తుంది. తర్వాత ఎవరో ఒక ఐటమ్ రద్దు చేస్తారు, డిలీట్ వస్తుంది, తీసేయడానికి రో ఉండదు. మీకొచ్చిన 1032 ఇదే. జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కూ ఇచ్చే ప్రత్యేక ఐడీ) ఆన్‌లో ఉందని, స్కిప్‌కు బదులు అదే ఐడీతో ఖాళీ ట్రాన్సాక్షన్ ఎక్కించినవాళ్లకూ ఇదే నష్టం.

ఎర్రర్‌లో కీ పేరు, విలువ చదవండి. ప్రైమరీ కాకుండా వేరే యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రాకూడని కీ) అయితే ఢీకొన్న రో ఐడీ వేరేది కావచ్చు, తొందరపడి డిలీట్ చేయకండి. ఆ రోను సోర్సులోనూ రెప్లికాలోనూ పక్కపక్కన చూసి, రెప్లికాలోది అక్కర్లేనిదని తేలాక, ఆ సెషన్‌లో ఎస్‌క్యూఎల్ లాగ్ బిన్ 0 పెట్టి (ఈ డిలీట్ రెప్లికా బిన్‌లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, పడకుండా) ఆ రోను తీసేసి రెప్లికాను స్టార్ట్ చేయండి. ట్రాన్సాక్షన్ మొత్తంగా ఎక్కుతుంది, ఏదీ పోదు.

నేనైతే రెప్లికా కట్టిన నిమిషంలోనే సూపర్ రీడ్ ఓన్లీ (యూజర్లెవరూ నేరుగా రాయకుండా ఆపే సెట్టింగ్) ఆన్ చేస్తాను, ఎందుకంటే ఉత్త రీడ్ ఓన్లీ సూపర్ హక్కు ఉన్న యూజర్‌ను ఆపదు. పైన చెప్పిన డిలీట్ కోసం కాసేపు ఆఫ్ చేస్తే, పని అవగానే మళ్లీ ఆన్ చేయండి. ఇప్పటికే స్కిప్ కొట్టినవాళ్లు పీటీ టేబుల్ చెక్‌సమ్ (సోర్సు, రెప్లికా టేబుళ్లను పోల్చి తేడాలు చూపే టూల్) నడిపి చూడండి. రెండుమూడు టేబుళ్లకు మించి తేడా వస్తే రోలు ఏరుతూ కూర్చోకండి, కొత్త బ్యాకప్‌తో రెప్లికాను మళ్లీ కట్టడమే నయం.

అభ్యాసం: రెండు ఖాళీ సర్వర్లలో పై 501 కథను కావాలనే జరిపించి, స్కిప్ కొట్టి, 1032 తెప్పించండి. ఆ తర్వాత బ్యాకప్ జోలికి వెళ్లకుండా, సోర్సు బిన్‌లాగ్‌ను మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ టూల్‌తో విప్పి, పోయిన ట్రాన్సాక్షన్‌లోని ప్రతి రోను వెతికి చేత్తో రెప్లికాలో పెట్టండి. చెక్‌సమ్ తేడా సున్నా వచ్చేదాకా 5వ భాగం తెరవకండి.