కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కొనే ముందు బానెట్ కింద వేడి చూడండి

సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే పెట్రోల్ కారుకి పికప్ తగ్గుతుంది. బండి పాడైందని కంగారు పడకండి, ఎత్తుకి వెళ్ళే కొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి టర్బో లేని ఇంజిన్‌కి పైకి చేరేసరికి 7, 8 శాతం పవర్ పోతుంది. రాయగడ, జయపురం వైపు కుర్రాళ్ళు దీనికి మందు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందించే పైపు, ఫిల్టర్ సెట్టు) అనుకుని వేలకు వేలు పోస్తున్నారు. పోసే ముందు ఒక్క పూట ఈ పని చేయండి.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఇంజిన్ సెన్సార్ల రీడింగులు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) కొనండి, లేదా మెకానిక్‌ని అడిగి తీసుకోండి. స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్‌లో ‘ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్’, అంటే ఇంజిన్ పీల్చే గాలి వేడి, తెరిచి, ఫోన్ పక్క సీట్లో వాళ్ళకివ్వండి. బయట 38 డిగ్రీలున్నప్పుడు 60 స్పీడులో పది నిమిషాలు వెళ్ళాక కూడా అది 42, 45 దగ్గరే ఉంటే మీ పాత పైపు ఇప్పటికే చల్లగాలి పీలుస్తోందన్నమాట. చాలా కార్లలో దాని నోరు గ్రిల్ వెనకో ఫెండర్ పక్కనో ఉంటుంది. అలాంటి బండికి కొత్తది దండగ. ఆగి ఉన్నప్పుడు 60 డిగ్రీలు చూపించినా పట్టించుకోకండి, పరుగులో కూడా 60 డిగ్రీలుంటే అప్పుడు ఆలోచించాలి.

ఆ వేడి 60 డిగ్రీల నుంచి 45కి దిగితే గాలి సుమారు 5 శాతం చిక్కబడుతుంది. ఇంజెక్షన్ బండిలో సెన్సార్లు ఆ తేడా పసిగడితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దానికి తగ్గట్టు పెట్రోల్ పోస్తుంది, అందుకని పవర్ నిజంగానే పెరుగుతుంది. కానీ 80 హెచ్‌పి బండిలో అన్నీ కుదిరినా అది 2, 3 హెచ్‌పి, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే.

నేను ఫిల్టర్ ఉండే పాత బాక్సు తీసేసి బానెట్ లోపలే మూత లేని కోన్ ఫిల్టర్ పెట్టించాను. ఆ సౌండుకి బండి దూసుకెళ్తున్నట్టే అనిపించింది, కానీ లారీ వెనక సెకండ్ గేర్‌లో ఘాట్ ఎక్కుతుంటే రీడింగ్ 68 చూపించింది! పాత బాక్సుతో అవే మలుపుల్లో 50 దాటలేదు. రేడియేటర్ వేడినంతా పీల్చేస్తోందని అర్థమై మర్నాడే తీయించేశాను.

మీ రీడింగ్ చూశాక కూడా వేయాలనిపిస్తే, ఫిల్టర్ చుట్టూ మూత ఉన్న బాక్సు, గ్రిల్ నుంచి విడిగా గాలి వచ్చే పైపు ఉన్నదే తీసుకోండి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. గాలి కొలిచే సెన్సార్ తీగను వేలితో తాకకండి. నూనె రాసే కాటన్ ఫిల్టరైతే నూనె ఎక్కువ కాకుండా చూడాలి, అది తీగకి అంటితే రీడింగ్ తప్పుతుంది. సెన్సార్ తర్వాత క్లాంపు ఒక్కటి వదులైనా లెక్కలోకి రాని గాలి దూరి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. కొత్త బండైతే వారంటీ సంగతి ముందే కనుక్కోండి.

మన ఎర్రదుమ్ము రోడ్లకి నా ఓటు మాత్రం పాత బాక్సుకీ, అందులో కొత్త పేపర్ ఫిల్టర్‌కీ. మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల ఇంజెక్షన్ బండిలో మైలేజ్ అంతగా పడిపోదు గానీ ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ రాదు, ఘాట్‌లో కావలసింది అదే కదా.

ఇంకొకటి, చల్లగాలి కోసమని పైపు నోరు బంపర్ కిందికి దించకండి. వానాకాలంలో వంశధార పొంగి గుణుపురం వైపు రోడ్డెక్కితే ఆ నోరు నీళ్ళు తాగేస్తుంది, సిలిండర్‌లోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. హెడ్‌లైట్ ఎత్తుకి తగ్గకుండా బిగించమని మెకానిక్‌కి చెప్పి, బండి తీసుకునే ముందు వంగి చూసుకోండి.