కొత్త ల్యాప్‌టాప్, మొదటి నెల – మూడో పాఠం: రికవరీ పెన్‌డ్రైవ్

పోయిన పాఠంలో చెప్పిన విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తయ్యాయా? కాకపోతే ముందు అవి కానివ్వండి, ఈ పాఠం రేపు చేసుకోవచ్చు. ఈ పాఠంలో, విండోస్ పాడైనా డిస్క్ పోయినా విండోస్‌ని మళ్లీ ఎక్కించడానికి పనికొచ్చే పెన్‌డ్రైవ్ తయారుచేస్తాం. అప్‌డేట్లు అయినవాళ్లు ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్, ఛార్జర్, తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోండి. కాగితం ఎందుకో కాసేపట్లో చెబుతాను.

విండోస్ 7 వాడే రోజుల్లో ఈ పనికి డీవీడీలు వాడేవాళ్లం. ల్యాప్‌టాప్ కొన్న వారంలోనే నాలుగైదు ఖాళీ డీవీడీలు తెచ్చి, ఒక్కొక్కటీ రాసి, మార్కర్‌తో 1, 2, 3 అని నంబర్లేసి దాచేవాళ్లం. మా అక్క ల్యాప్‌టాప్‌కి నేనూ అలాగే నాలుగు రాసిపెట్టాను. మూడేళ్లకి దాని హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది వేయించి, ధీమాగా డీవీడీలు తీశాం. మొదటిది ఎక్కింది, రెండోదీ ఎక్కింది. మూడోది పెట్టాక డ్రైవ్ గరగరమంటూ తిరుగుతూనే ఉంది, తెర మీద శాతం మాత్రం కదల్లేదు. తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాను. అదే చోట ఆగింది. వెలుతురులో పెట్టి చూస్తే ఎక్కడా ఒక్క గీత లేదు. రాసిన రోజున వాటిని ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు నేను. అందుకే ఈ పాఠంలో తయారీ కంటే పరీక్షకే ఎక్కువ చోటిస్తున్నాను.

అసలు ఈ పెన్‌డ్రైవ్ ఎందుకని అడగొచ్చు. కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్‌లోనే ఒక రికవరీ భాగం పెట్టి ఇస్తారు కదా అంటారు. నిజమే, విండోస్ మొరాయిస్తే చాలాసార్లు దానితోనే దారిలో పడుతుంది. కానీ ఆ భాగం ఉన్నది కూడా విండోస్ ఉన్న అదే ఎస్‌ఎస్‌డీ మీద, అంటే ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ మీద. ఎస్‌ఎస్‌డీ పోతే రెండూ పోతాయి. తాళంచెవి ఇంట్లోనే వదిలేసి బయటి నుంచి తలుపేసుకున్నట్టు అవుతుంది.

ఇంకొందరు, అప్పటికప్పుడు వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ దింపుకుంటాం, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు అంటారు. అదీ ఒక దారే. కాకపోతే అది అందరికీ ఒకటే విండోస్, మీ ల్యాప్‌టాప్ డ్రైవర్లన్నీ, అంటే దాని భాగాలను విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రామ్‌లన్నీ, అందులో ఉండవు. ముఖ్యంగా ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే, డిస్క్‌ని నడిపించే ఇంటెల్ ఏర్పాటు ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ ఎస్‌ఎస్‌డీ జాబితాలోనే కనిపించకపోవచ్చు. డిస్కే పోయిందేమోనని టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్లు ఉన్నారు. మీ ల్యాప్‌టాప్‌లోనే తయారైన రికవరీ డ్రైవ్‌లో దాని డ్రైవర్లు కూడా ఉంటాయి. నేను మొదట దీన్నే చేయించడానికి కారణం అదే.

ముందు కాగితం పని. ఈమధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ మొత్తం మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేనట్టు తాళం పడి ఉంటుంది. విండోస్‌లో ఈ తాళం పేరు బిట్‌లాకర్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయినప్పుడు దాని తాళంచెవి, అంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ, ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ విభాగంలో మీ ల్యాప్‌టాప్ పేరు కింద వెతకండి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుంటాయి. కాగితం మీద అదే వరుసలో రాయండి, పక్కన కీ ఐడీలో, అంటే ఏ కీ అన్నది గుర్తుపట్టే కోడ్‌లో, మొదటి ఎనిమిది అక్షరాలు కూడా. రాశాక ఇంట్లో ఇంకొకరిని చదవమని, మీరు సరిచూసుకోండి. 1, 7 ఒకేలా రాసే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. షాపులో కొన్నప్పుడు అక్కడి అబ్బాయే సెటప్ చేసి ఇస్తాడు. త్వరగా అయిపోతుందని ఒక్కోసారి షాపు ఈమెయిల్‌తోనే సైన్ ఇన్ చేసేస్తాడు. అప్పుడు మీ కీ చేరేది వాళ్ల అకౌంట్‌లోకి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడున్న ఈమెయిల్ మీదో కాదో ఇప్పుడే చూడండి. మీది కాకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి, మొదటి పాఠంలో చెప్పినట్టు అకౌంట్ మార్చుకుని రండి.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేశాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. బాగుచేయడానికి చేయాల్సింది ఒక ఫైల్ తీసేయడమే. అయినా బిట్‌లాకర్ ఉన్నచోట ముందు ఆ 48 అంకెలు అడిగింది. అవి చేతిలో లేనివాళ్లు వెతుక్కుంటూ కూర్చోవాల్సి వచ్చింది.

ఇక తయారీ. ఛార్జర్ పెట్టండి. స్టార్ట్ నొక్కి ‘రికవరీ డ్రైవ్’ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే అదే పేరుతో ప్రోగ్రామ్ వస్తుంది. అనుమతి అడిగితే యెస్ అనండి. మొదటి తెర మీద ‘బ్యాకప్ సిస్టమ్ ఫైల్స్ టు ది రికవరీ డ్రైవ్’ అనే గడిలో టిక్ ఉండాలి. అది తీసేస్తే పని చిటికెలో అయిపోతుంది కానీ, మిగిలేది రిపేర్ పరికరాలే. విండోస్‌ని మళ్లీ ఎక్కించడానికి దానితో కుదరదు.

నెక్స్ట్ కొట్టాక పెన్‌డ్రైవ్ పెట్టమంటుంది. కొన్నిచోట్ల 16 జీబీ చాలని రాసి ఉన్నా 32 ఎందుకన్నానంటే, అట్ట మీద 16 అని ఉన్న పెన్‌డ్రైవ్‌ని విండోస్ 14 చిల్లరగానే లెక్కపెడుతుంది, చాలదని తిప్పికొట్టవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పెళ్లి ఫోటోలో, పిల్లల ప్రాజెక్టో ఉంటే ముందే వేరేచోటికి మార్చుకోండి. వేరే పెన్‌డ్రైవ్‌లు గుచ్చి ఉంటే తీసేయండి, పొరపాటున దాన్ని ఎంచుకునే ప్రమాదం ఉండదు. క్రియేట్ నొక్కి వదిలేయండి. గంట పట్టవచ్చు, పాత పెన్‌డ్రైవ్ అయితే ఇంకా ఎక్కువే. మధ్యలో మూత వేయకండి. ‘అవసరమైన ఫైళ్లు లేవు’ అని మొదట్లోనే ఆగిపోతే, స్టార్ట్‌లో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్) అని వెతికి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘reagentc /enable’ కమాండ్ ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి.

ఇప్పుడు పరీక్ష. పెన్‌డ్రైవ్ అలాగే ఉంచి రీస్టార్ట్ కొట్టండి. కంపెనీ లోగో రాకముందే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) మీట తట్టడం మొదలుపెట్టండి, ఒక్కసారి నొక్కి ఊరుకోవద్దు. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్, తర్వాత ఎఫ్9. అసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 అయినా, ముందు ఎఫ్2తో బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్ తెర) వెళ్లి బూట్ మెనూని ఆన్ చేయాల్సి రావచ్చు. మీట దొరకకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దారిలో వెళ్లి ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి.

కీబోర్డ్ ఎంచుకోమనే తెర వచ్చిందంటే పెన్‌డ్రైవ్ నుంచి మొదలైనట్టే. యూఎస్ ఎంచుకోండి. ఆ తర్వాతి తెర మీద గానీ, ట్రబుల్‌షూట్ లోపల గానీ ‘రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్’ కనిపించాలి. మనం చూడాలనుకున్నది ఇదే. లోపలికి వెళ్లకండి. ముందుకు సాగి చివర్లో రికవర్ నొక్కితే మీ ఫైళ్లన్నీ పోతాయి. వెనక్కి వచ్చి టర్న్ ఆఫ్ కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి, మామూలుగా ఆన్ చేయండి. ఎక్కడైనా బిట్‌లాకర్ కీ అడిగితే కంగారు వద్దు, కాగితం చేతిలోనే ఉంది. ముందు కాగితం రాయించింది ఇందుకే.

పెన్‌డ్రైవ్‌కి చిన్న కాగితం అంటించి ల్యాప్‌టాప్ మోడల్, ఈరోజు తేదీ, బూట్ మెనూ మీట రాయండి. వేరే మోడల్‌కి దీన్ని వాడొద్దు. దీన్ని ఏడాదికోసారి కొత్తగా తయారుచేసుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. అదే పెన్‌డ్రైవ్ మీద మళ్లీ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి, బ్యాగు పోతే రెండూ పోతాయి. కీ రాసిన కాగితం ఇంటి పత్రాలున్న ఫైల్లో ఉండాలి.

ఇందులో మీ ఫోటోలు, మీ ఫైళ్లు ఒక్కటీ లేవు. వాటి సంగతి నాలుగో పాఠంలో. ఈలోగా మీ ఫైళ్లన్నీ కలిపి ఎన్ని జీబీలున్నాయో చూసి, అదే కాగితం వెనక రాసి ఉంచండి.