కరెంటు పోయిందని చెట్టెక్కకండి

రోహిణి కార్తె చివరికొచ్చి మృగశిర దగ్గరపడితే మన ఊళ్లలో కత్తులు, గొడ్డళ్లు బయటికొస్తాయి. గాలివానకి విరిగి మీద పడతాయని ఇంటి చుట్టూ కొమ్మలు కొట్టేస్తాం. ఆ తర్వాత నాలుగు చినుకులు పడగానే మొక్కలు పాతుతాం. ఈ రెండు పనులకీ ముందు ఒక్క క్షణం తలెత్తి పైన తీగలు చూడండి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. కరెంటు పోవడం వేరు, తీయడం వేరు. "ఇప్పుడు కరెంటు లేదులే, రెండు కొమ్మలు కొట్టేద్దాం" అని చెట్టెక్కితే, అది ఏ నిమిషంలో తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు. మోటార్లు ఆగిపోయాయి కాబట్టి పొలం లైన్లో ఏమీ లేదనుకోవడమూ పొరపాటే. మోటార్లు నడిపే త్రీఫేజ్ (మూడు తీగల సరఫరా) లేని వేళ కూడా ఒక తీగలో సరఫరా ఉండొచ్చు. పక్కింటి జనరేటర్‌ని సరిగ్గా బిగించకపోతే దాని కరెంటు వెనక్కి లైన్లోకి వస్తుంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకుని, స్విచ్ దించి, తీగలకి ఎర్తింగ్ తగిలించాకే ఆ లైను చచ్చినట్టు లెక్క. అందుకే తీగకి పది అడుగుల లోపు ఉన్న కొమ్మ జోలికి మీరు వెళ్లొద్దు. 1912కి ఫోన్ చేయండి, లేదా మీ లైన్‌మన్‌కి చెప్పండి. రెండు రోజులు ఆలస్యమైతే అవనివ్వండి.

పచ్చి కొమ్మ నిండా నీరే ఉంటుంది. వాన తడి కూడా తోడైతే అందులోంచి కరెంటు పారుతుంది. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలకి మామూలుగా పైన ఏ తొడుగూ ఉండదు. ఇంటికొచ్చే సర్వీసు వైరుకి తొడుగున్నా, ఏళ్ల తరబడి ఎండకి పగిలిపోయి ఉంటుంది. రబ్బరు చెప్పులు, ఎండు వెదురు మనల్ని కాపాడతాయన్న ధీమా 11 కేవీ దగ్గర అసలు పనికిరాదు.

కాయలు కోసే దగ్గర భయం ఇంకా ఎక్కువ. మామిడికాయకో మునక్కాయకో ఇనప పైపుని దోటిగా చేసుకుంటాం. కన్ను కాయ మీదే ఉంటుంది, పైపు కొస తీగకి తగులుతుంది. ఏలూరు, ఖమ్మం వైపు ఆయిల్ పామ్ తోటల్లో అయితే పొడవాటి అల్యూమినియం పైపుకి కొడవలి బిగించి గెలలు కోస్తారు. తోట మీదుగా లైను వెళ్తుంటే ఆ వరస చెట్లని ముందే రంగుతో గుర్తుపెట్టండి. కొత్తగా వచ్చిన కూలీలకి చేత్తో చూపించి చెప్పండి, నోటిమాటతో సరిపెట్టకండి. పైపుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నిలబెట్టి తీసుకెళ్లొద్దు, పడుకోబెట్టి మోయాలి. కొబ్బరి దింపు తీసేవాళ్లకీ ఇదే మాట. మట్ట తీగకి ఆనుకున్న చెట్టైతే ఎక్కించకండి. మేకలకి మండలు కొట్టే కాపరి పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పరు, దయచేసి మీరు చెప్పండి.

ఇక పాతడం. ఊళ్లో లైను స్తంభం సాధారణంగా 8 మీటర్లుంటుంది. అందులో మీటరున్నర దాకా భూమిలోనే ఉంటుంది. అంటే తీగ ఇరవై అడుగుల ఎత్తులో ఉంటుంది, రెండు స్తంభాల నడుమ ఇంకా కిందికి వేలాడుతుంది. మోకాలెత్తు కొబ్బరి మొక్కకి ఆ ఎత్తు ఒక లెక్క కాదు. దాని మట్టే పదిహేను అడుగులు దాటుతుంది కాబట్టి లైనుకి పక్కగా పాతికడుగులైనా వదలండి. వేప, టేకు, సుబాబుల్, యూకలిప్టస్ లైను కింద అసలు వద్దు. తురాయి కొమ్మ, మునగ కొమ్మ పెళుసు, ఈదురుగాలికి ఫట్‌మని విరుగుతాయి. మునగ మీద నాకూ ఆశే, కానీ పెరట్లో తీగలు లేని మూలకి జరపండి. లైను కింద పచ్చదనం కావాలంటే నందివర్ధనం, మందారం, కరివేపాకు, దానిమ్మ, నిమ్మ ఉన్నాయిగా. 132 కేవీ టవర్ లైను అయితే మొత్తం 27 మీటర్ల వెడల్పు పట్టీలో పెద్ద చెట్లు ఉండకూడదు.

స్టే వైరుకి (స్తంభం ఒరగకుండా నేలకి లాగి కట్టిన తీగకి) దొండపాదు పాకించడం, స్తంభానికి గేదెని కట్టడం, స్తంభం నుంచి చెట్టుకి ఇనప తీగతో దండెం కట్టడం ఈరోజే మానేయండి.

గాలివాన వెలిశాక చెట్టు లైను మీద పడి తీగ తెగిపోయి కనిపిస్తే ముప్పై అడుగులు దూరం ఉండండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక విశాఖలో వీధి వీధినా ఇలాగే చెట్లూ స్తంభాలూ కలిసి పడి ఉన్నాయి. తెగిన తీగ చుట్టూ తడి నేలలో కరెంటు పరుచుకుంటుంది, అడుగు తీసి అడుగు వేస్తే రెండు పాదాల మధ్యే షాక్ కొడుతుంది. ఇప్పటికే దగ్గరికి వెళ్లిపోతే పాదాలు ఎత్తకుండా, రెండూ ఆనించి, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వెనక్కి రండి. గేదె పడిపోయిందని పరిగెత్తకండి. దాని కోసం వెళ్లి మనిషి కూడా పోయిన ఇళ్లున్నాయి. మనిషే పడిపోయినా లైను ఆపేదాకా ముట్టుకోవద్దు. 1912కి, 108కి రెండింటికీ చేయండి. స్తంభం మీద రాసిన నంబరో, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ పేరో చెబితే లైను తొందరగా ఆపుతారు. మీ వీధి స్తంభం నంబరు ఈ సాయంత్రమే చూసి ఫోన్లో రాసిపెట్టుకోండి.